ఆంటీ చదివిన షరతులు

ఆ రోజుల్లో పాట కట్టడమే కష్టమనీ, దాన్ని లోకంలోకి పంపడం మీట నొక్కినంత సులువనీ నాకు గట్టి నమ్మకం (చదువుకునే వయసులో నమ్మకాలన్నీ గట్టివే, తెలివే కాస్త మెత్తన). మెల్‌బోర్న్ పక్కన వెర్రిబీలో ఒక ఆంటీ ఇంట్లో గది అద్దెకు తీసుకుని మాస్టర్స్ చదువుతున్నాను. ఆంటీది భీమవరం వైపు. వారమంతా వృద్ధాశ్రమంలో ఉద్యోగం, ఆదివారం చర్చిలో పాట. మనిషి సన్నగా ఉన్నా గొంతు మాత్రం గోదావరంత. నేను ఆవిడ చీరల అల్మరాలో తలదూర్చి (గదిలో ప్రతిధ్వని రాకుండా ఉండాలంటే చీరలను మించినవి లేవు) పాట రికార్డు చేసుకుంటుంటే, ఏదో చీర కోసం వచ్చిన ఆవిడ అక్కడే నిలబడి రెండో చరణం వెనక ఆలాపన అందుకుంది. తరవాత దాన్ని తీసేసి వింటే పాట ఉప్పు మరిచిన పప్పులా ఉంది. నోరు మూసుకుని ఉంచేశాను.

ఇక పాటను విడుదల చెయ్యాలి. మాబోటి సొంత కళాకారులు మ్యూజిక్ యాప్‌లకు నేరుగా పాట ఇవ్వలేరు. అన్నిటికీ చేరవేసే డిస్ట్రిబ్యూషన్ కంపెనీ ఒకదాన్ని ఎంచుకోవాలి. మా క్లాసులో 'స్పీడు' అని పిలిచే కుర్రాడొకడు, "రెండు నిమిషాల పని. ఇవాళ అప్‌లోడ్ చెయ్, వీకెండ్‌కి వరల్డ్ అంతా వినేస్తుంది. పైగా ఫ్రీ!" అని ఒక కంపెనీ పేరు చెప్పాడు. ఆ పేజీ తెరిచి, అంగీకరిస్తున్నాను అన్న చోట నొక్కబోతుంటే ఆంటీ టీ కప్పుతో వచ్చింది.

"ఏం రాశాడే అందులో?"

"ఏమో ఆంటీ, అవన్నీ ఎవరూ చదవరు."

"నా గొంతు కూడా ఉంది కదమ్మా అందులో. జరుగు, నేను చదువుతాను."

చదివింది! కళ్ళజోడు పెట్టుకుని, సూపర్‌మార్కెట్ కాగితాల వెనక పెన్సిలుతో రాసుకుంటూ, ఒకటి కాదు, మూడు కంపెనీల షరతులు మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా. ఫ్రీ అన్నవాడు కొన్నేళ్ళపాటు పాట మీద హక్కంతా తనదే అన్నాడట. రెండోవాడు ఏటా ఫీజు కట్టమన్నాడు, మానేస్తే పాట మాయం. మూడోవాడు వచ్చినదాంట్లో కొంత వాటా తీసుకుంటాడు. అంతటితో ఊరుకోక ముగ్గురికీ మెయిల్ రాసింది: మేం మానుకోవాలంటే పాట మాతో వస్తుందా? తేడా వస్తే మాట్లాడేది మనిషేనా? అంతంత కంపెనీలను ఇలా నిలదీస్తారా అని నేను సిగ్గుతో చచ్చిపోయాను. మొదటివాడి దగ్గర్నుంచి యంత్రం జవాబిచ్చింది. రెండోవాడు ప్రకటన పంపాడు. మూడోచోట నుంచి ఒకమ్మాయి తన పేరు పెట్టి, పాట ఎప్పటికీ మీదే, నెల ముందు చెబితే చాలు అని రాసింది.

"చూశావా? లోపలికి రమ్మని అందరూ పిలుస్తారే, బయటికి దారి చెప్పేవాళ్ళే తక్కువ. మా ఆశ్రమంలో జాయినయ్యే పెద్దవాళ్ళకి సైన్ చేసేముందు నేను ఫస్ట్ ఎగ్జిట్ పేజీయే చదివి వినిపిస్తాను," అంది ఆంటీ. ఆ మూడోవాళ్ళకే పాట ఇచ్చాం.

విడుదల రోజు యాప్ తెరిస్తే నా పాటకంటూ పేజీ ఎక్కడా లేదు. నా ముద్దుపేరే కళాకారిణి పేరుగా పెట్టుకున్నాను (అదేమిటో అడక్కండి). అదే పేరుతో ఎక్కడో గొంతు చించుకుని అరిచే బృందమొకటుంది. నా పాట వెళ్ళి వాళ్ళ పేజీలో, పుర్రెల బొమ్మల మధ్య కూర్చుంది! వాళ్ళ అభిమానులు, ఇదేం కొత్త పోకడ అని ఒకటే గోల. నేను ఏడుస్తుంటే ఆంటీ నింపాదిగా అప్పుడు తన పేరు పెట్టి జవాబు రాసిన కంపెనీ అమ్మాయికే మెయిల్ చేయించింది. తప్పు దిద్దుతాం, పాడినవాళ్ళందరి పేర్లూ మళ్ళీ ఒకసారి సరిచూసి పంపండి అని జవాబొచ్చింది.

నేను నింపిన ఫారం తెరిచి చూసుకుంటే అక్కడ ఉన్నది నా పేరొక్కటే. పాట కోసం అంత చదివిన మనిషి తన పేరుందా అని ఒక్కసారీ అడగలేదు. నాకే తట్టలేదు. గబగబా ఆవిడ పేరు చేర్చి పంపాను. రెండు రోజులకు పాట మా సొంత పేజీకి వచ్చింది. ఆంటీ కళ్ళజోడు తుడుచుకుని, ఫోను దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"స్పెల్లింగ్ కరెక్టే," అంది. అంతే. ఆ సాయంత్రం మాత్రం వంటింట్లోంచి ఆలాపన కాస్త ఎక్కువసేపు వినబడింది.

మొన్నామధ్య ఏవో షరతులు చదవబోయి రెండో పేజీలోనే ఆవలించాను. ఆంటీ అంతటి మనిషిని ఈ జన్మకు కాలేను. ఆ గొంతు పక్కన నిలబడి, తన పేరొక్కటే టైపు చేసుకుని మురిసిపోయిన ఆ పిల్ల (అప్పటి నేనే) గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి, వెంటనే నవ్వూ వస్తుంది.