తోడేసిన చెయ్యి

మా మామ పోయి ఇయ్యాల్టికి ఐదొద్దులు. శాలిబండ గల్లీల మా పెరుగు తిన్నోళ్లందరికీ ఆయన ఎరుకే. నా పెనిమిటి వాళ్ల నాయిన. నన్ను ఏనాడూ కోడలా అనలే, బిడ్డా అనే పిలిచిండు. గందుకే ఈ నాలుగు ముక్కలు నేనే రాస్తున్న.

ఆయన చెయ్యే మా దుకాణం. కాగిన పాల గంజుకు అరచెయ్యి ఆనించి, కండ్లు మూసుకోని, "ఊ, ఎయ్యి బిడ్డా తోడు" అనేటోడు. తెల్లారేసరికి కత్తితోని కోసేంత గట్టి పెరుగు. "పాలు, మనిషి ఒక్కతీరే. ఉడుకు మీదున్నప్పుడు తోడెయ్యొద్దు" అనేటోడు. ఇంట్ల లొల్లి అయితే గా మాటతోనే ఆపేటోడు.

ఎండాకాలం మొదట్ల జరం పట్టుకుంది. గుండె కవాటానికి ఇన్ఫెక్షన్ అన్నడు డాక్టర్. ఆరు వారాలు నరంలకెల్లి మందు ఎక్కాలె. రెండు వారాలు దవాఖానల పండేసరికి మామ పానం ఇంటికే కొట్టుకుంది. "మిగిలింది ఇంట్ల ఎక్కిస్తరా?" అని డాక్టర్ అడిగితే నేనే ముందుకొచ్చిన. ఎడమచేతిల సన్న గొట్టం పెట్టిండ్రు. చేతులు కడుగుడు, గొట్టం మూతి తుడుసుడు, సీసా తగిలిచ్చుడు, అన్నీ నర్సమ్మ నేర్పింది. పొయ్యేటప్పుడు ఒక్క మాట గట్టిగ చెప్పింది: "పొద్దున, సాయంత్రం జరం చూసి రాయి. వంద దాటిందా, ఆగకు, ఫోన్ చెయ్."

క్యాలెండర్ మేకుకు సీసా తగిలిచ్చి థర్మామీటర్ తీస్తే మామ నవ్వేటోడు. ముందుగాల నుదుటి మీద తన చెయ్యే పెట్టుకోని "లేదు బిడ్డా" అనేటోడు. థర్మామీటర్ కూడా గదే చెప్పేది. ఒక్కరోజు గాదు, పది పన్నెండు రోజులు. "గా పుల్లకేమెరుక? నలభై ఏండ్ల చెయ్యి ఇది. ఫికర్ చెయ్యకు." నేను నమ్మిన. గా చెయ్యిని నమ్మక ఇంకెవల్ని నమ్మాలె? థర్మామీటర్ బంద్ చేసిన. ఆయన చెయ్యి చెప్పిందే జరం రాసే కాపీ బుక్కుల రాసిన. కుడిచెయ్యి ఖాళీనే కద అని, పాల గంజు కూడా మంచం దగ్గరికే తెప్పిచ్చుకునేటోడు.

ఐదో వారంల పక్కింటి ఖాలా గిన్నె పట్టుకోని వాపసొచ్చింది. "క్యా చాచా, దహీ ఖట్టా హోగయా!" అని, పెరుగు పులిసిందని. మరునాడు ఇంకిద్దరు వాపసిచ్చిండ్రు. మామ ఎండ మీదికి నెట్టిండు. మూడో దినం పెరుగు నీళ్లు నీళ్లు. అప్పుడు ఆయన నుదురు ముట్టిన. కాలిపోతుంది.

చెయ్యి కూడా కాలుతుంటె నుదురు కాలుతున్నదని ఎట్ల తెలుస్తది? ఉడుకు చేతికి ఉడుకు పాలు గోరువెచ్చగనే అనిపిచ్చినయ్. పెరుగు మూడు దినాలసంది చెప్తనే ఉంది. నాకే సమజ్ కాలే. నాదే తప్పు, ఇంకెవల మీదికి నెట్టాలె?

దవాఖానకు తీస్కపోతుంటె నయాపూల్ వంతెన మీద ఆటో ఇరుక్కుంది, నేను దిగి, బండ్లోళ్లకు దండాలు పెట్టుకుంట తొవ్వ అడిగిన. డాక్టర్ చూసి తల అడ్డంగ ఊపిండు. "కవాటం పాడైపోయిందమ్మా. మూడు రోజుల ముందు తెస్తే..." అన్నడు. నేను ఆయన కాళ్లు పట్టుకున్న. "ఇంకో ఆరు వారాలు ఎక్కిస్త సార్. పన్నెండు వారాలు ఎక్కిస్త. ఎట్లన్న చేసి ఇంటికి పంపుండ్రి."

మామ కండ్లు తెరిచి అడిగింది ఒక్కటే. "నిన్నటి పెరుగు ఎట్లైంది బిడ్డా?"

"గట్టిగ తోడుకుంది మామా."

"చూసినవా, చెయ్యి తప్పు చెప్పది." గవే ఆఖరి మాటలు.

మూడొద్దుల నాడు పిట్టకు పెట్టినం, కాకి ముడితెనే పోయినోళ్లకు ముట్టినట్టు. ఇస్తారిల ఆయనకిష్టమైనయన్నీ ఉన్నయ్. పెరుగు నేనే తోడేసిన, థర్మామీటర్ పాలల్ల ముంచి. కాకులు గోడ మీదనే కూసున్నయ్, దిగలే. "మనసుల ఏమన్న పెట్టుకున్నడేమో, అడుగుండ్రి" అన్నది అత్త. ఒక్కొక్కరు మొక్కిండ్రు. దిగలే. ఆఖరికి నేను ముంగటికి పోయిన.

"మామా, గా పెరుగు పాడైంది. అబద్ధం చెప్పిన. జరం నేను చూడలే."

కాకి దిగింది. ముందుగాల పెరుగే ముట్టింది. అందరు చేతులు జోడిచ్చిండ్రు. నేను మాత్రం నా నుదుటి మీద నా చెయ్యే పెట్టుకోని నిలబడ్డ. ఉడుకుందో, సల్లగుందో, ఏం తెలుస్తలే.