జంట స్ఫటికం

ఆ ప్రయోగశాలలో అందరూ ఆమెను కొలిమక్క అనేవాళ్లు. ఇరవై ఆరేళ్లుగా అరుదైన లోహాల ఫాస్ఫేట్ స్ఫటికాలు పెంచడమే ఆమె పని. ప్లాటినం మూసలో సీసం కలిపిన పొడులు పోసి, పదమూడు వందల డిగ్రీల దాకా కాచి, ఆ కరుగును గంటకో డిగ్రీ చొప్పున చల్లార్చాలి. తొందరపడ్డామా, అంతా పొరలు పొరలుగా పగిలి కూర్చుంటుంది. ఆ తర్వాత చుట్టూ పట్టిన సీసపు గార పోయేదాకా వారాల తరబడి ఆమ్లంలో ఉడికించాలి. ఇంతా చేస్తే బియ్యపు గింజంత స్ఫటికం చేతికొచ్చేది. ప్రయోగశాల అధిపతి పెద్దసారు దాన్ని పెద్ద అయస్కాంతం మధ్య పెట్టి తిప్పుతూ, లోపలి పరమాణువుల స్పందనను గీతలుగా తీసుకునేవాడు.

ఒకసారి ఆ గీతలు ఉండాల్సినదానికి రెట్టింపు వచ్చాయి. పెద్దసారు అందరి ముందూ ఆమె మీద విరుచుకుపడ్డాడు.

"మూస సరిగ్గా కడిగి చావలేదు. ఏదో కల్తీ కలిసింది."

"లేదు సార్. అవి వీపూ వీపూ అంటుకుని పెరిగిన రెండు స్ఫటికాలు. సూక్ష్మదర్శినిలో అతుకు కనిపిస్తోంది, ఒక్కసారి చూడండి."

"నాకు పాఠం చెబుతావా?"

ఆయన చూడలేదు. నిర్లక్ష్యమని మెమో రాశాడు. దాంతో ఆమెకు రావాల్సిన ప్రమోషన్ కాస్తా ఆగిపోయింది.

"పోనీ, తప్పయిందని ఒక్క మాట అనేస్తే పోయేదిగా అక్కా" అంది చెల్లెలు.

"చెయ్యని తప్పుకి నోరెలా వస్తుందే?" అని ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు.

మూడేళ్లకి అదే స్ఫటికాన్ని ఎక్స్-కిరణాలతో పరీక్షించారు. ఆమె చెప్పినట్టే అది జంటే. పెద్దసారు పేరుతో వ్యాసం అచ్చయింది, ఆయనకు శాలువా కప్పారు. ఆమె తన పేరు కోసం వ్యాసమంతా వేలు పెట్టి వెతుక్కుంది. చివర్లో 'సహాయ సిబ్బందికి ధన్యవాదాలు' అని ఉంది. అంతే.

ఆమె నేరుగా ఆయన గదికి వెళ్లింది.

"సార్, ఇప్పుడైనా ఆ మెమో తీయించండి."

"పాత ఫైలు తవ్వితే నా పరువేం కానమ్మా? నువ్వన్నదే నిజమని నాకు అప్పుడే అనుమానం వచ్చిందిలే."

తెలియక చేశాడనుకుని ఇన్నాళ్లూ సరిపెట్టుకుంది. ఆ కాస్త ఊరటా పోయింది. అదే హోదాలో రిటైరైంది.

రెండు నెలలకి ఆయనే ఫోన్ చేశాడు. కొత్తవాళ్ల స్ఫటికాలన్నీ మసగ్గా వస్తున్నాయట, ఎక్కడ ఎంతసేపు ఆపి చల్లార్చేదో చెప్పమన్నాడు. చెప్పకూడదనుకుంటూనే పూసగుచ్చినట్టు చెప్పేసింది. ఫోన్ పెట్టేశాక తన మీద తనకే ఒళ్లు మండిపోయింది.