గురుమూర్తి తీగకు ముతక గుడ్డ

కమాల్ బాషాకు కోపం వచ్చేకొద్దీ మర్యాద పెరుగుతుంది. మామూలు రోజుల్లో ఎవరినైనా "ఏంప్పా" అని పలకరిస్తాడు. చిరాకు పుడితే "నువ్వు" పోయి "మీరు" వస్తుంది. "గారు" దాకా వచ్చిందంటే ఎదుటివాడు చెప్పులు ఎక్కడ విడిచాడో గుర్తు చేసుకోవడం మంచిది. ఇంట్లో అఖ్తర్ బీకి ఈ లెక్క బాగా తెలుసు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమెను ఆయన "మీరు" అన్నది రెండే సార్లు. ఆ రెండు పూటలా ఆమె జమ్మలమడుగులో పుట్టింటికి వెళ్లి కూర్చుంది.

దసరా వెళ్లిన తొమ్మిదో నాడు, ఆదివారం పొద్దున, ప్రొద్దుటూరులోని బట్టల అంగళ్ల సముదాయం గేటు ముందు ఆయన మోపెడ్ ఆపాడు. గేటు మీద కొత్త కాగితం అంటించి ఉంది. అందులో ఇలా ఉంది:

"వ్యాపారస్థులకు మనవి. మన సముదాయంలో ఇంటర్నెట్ తీగలు కుళ్లిపోయినందున నేటి సాయంత్రం నాలుగు గంటలకు అన్నియు పీకివేయబడును. ఇట్లు, ప్రెసిడెంటు గురుమూర్తి."

కమాల్ బాషా దాన్ని రెండుసార్లు చదివాడు. ఆ తీగలు ఆయనవి. అంటే ఆయన కొన్నవని కాదు, ఆయన వేసినవి. పదకొండేళ్లు కువైట్‌లో ఆసుపత్రుల పైకప్పుల్లో పాకుతూ తీగలు లాగి, మోకాళ్లు అరగదీసుకుని తిరిగొచ్చాక, సొంత ఊరివాళ్ల కోసం చేసిన మొదటి పని ఇదే. మూడంతస్తులు, నలభై ఒక్క అంగడి, ఒక్కో అంగడికి ఒక తీగ. అన్నీ మెట్ల కింద ఉన్న అద్దాల గదిలో కలుస్తాయి. ఇది చూసే పులివెందులలో ఒక కాలేజీ, జమ్మలమడుగులో రెండు ఆసుపత్రులు ఆయన్ను పిలిచాయి. ఈ కాగితం సాయంత్రం దాకా ఉంటే రేపు పొద్దునకు ఆ కబురు ఆ రెండు ఊళ్లకూ చేరుతుంది. ఆ తరవాత ఆయన తీగ ముట్టుకుంటే కుళ్లుతుందని చెప్పుకుంటారు.

"కుళ్లడానికి అవేమన్నా టమాటాలా?" అని గేటునే అడిగాడు. 

గురుమూర్తి అంగడి రెండో అంతస్తులో. పట్టుచీరలు. ఆయన పరుపు మీద కూర్చుని ఫోను పైకెత్తి పట్టుకుని ఉన్నాడు, ఆకాశం నుంచి ఏదో రాలుతుందన్నట్టు. పక్కన బిల్లులు కొట్టే సుకన్య చేత్తో బిల్లు రాస్తోంది.

"ఆ కాగితం ఎవరు రాసినారు?"

"నేనే. ఏం జేయమంటావు బాషా? తొమ్మిది దినాల నుంచి అందరికీ ఇదే గోస. ఒక పూట వచ్చాది, ఒక పూట రాదు. అందరికన్నా నా అంగట్లోనే శానా అన్యాయం. కడప నుంచి కంపెనీవాళ్లొచ్చి కొత్త తీగలేస్తామన్నారు."

"తొమ్మిది దినాల నుంచి నాకొక మాట చెప్పబుద్ధి కాలేదా మీకు?"

"మీరు" వచ్చేసింది. సుకన్య రాయడం ఆపింది.

"నీ తీగ బాగలేదని నీకే చెప్తే, బాగుందనే కదప్పా అంటావు!"

ఇది తర్కశాస్త్రంలో ఒక ఉన్నత శిఖరం. కమాల్ బాషా దానికి తల ఒగ్గలేదు. "తీగదే తప్పని ఎట్ల తెలిసింది?"

"చూడు." గురుమూర్తి ఫోను ఆయన ముక్కు దగ్గర పెట్టాడు. "సిగ్నలు గీతలు నిండుగా ఉండాయా లేదా? దసరాకు కొత్త రౌటరు తెచ్చినా. దానికి మూడు కొమ్ములు. గాల్లో ఇంత బాగా వస్తాంటే, రానిది తీగలోనే కదా?"

కమాల్ బాషా గోడ మీది ఆ కొత్త పెట్టె వంక ఒకసారి చూశాడు. మూడు కొమ్ములు, ఒంటి నిండా కుంకుమ, మెడలో ఎండిన బంతిపూల దండ. మెట్లు దిగాడు.

అద్దాల గది ఆ సముదాయానికి గర్భగుడి లాంటిది. ఏ తీగ ఎవరిదో తెలియడానికి అంకెలు రాస్తే దూదిధూళికి చెరిగిపోతున్నాయని, కమాల్ బాషా మొదట్లోనే ఒక పద్ధతి పెట్టాడు. ఏ అంగడి తీగకు ఆ అంగడి సరుకులోంచే ఒక పేలిక. తువ్వాళ్ల వాళ్లకు తువ్వాలు ముక్క, జంపఖానాల వాళ్లకు జంపఖానా అంచు, గురుమూర్తికి నెమలిపింఛం రంగు పట్టు. గది తలుపు అద్దానిది కావడంతో ఇది పరువు సమస్యగా మారింది. తన పేలిక వెలిసిపోయిందని ఏటా దసరాకు కొత్తది తెచ్చిచ్చే వ్యాపారులున్నారు.

ఆయన నేల మీద బాసింపట్టు వేసుకుని, తన పాత ల్యాప్‌టాప్‌ను ఆ తీగలన్నీ కలిసే పెట్టెకు తగిలించాడు. ఈ వ్యవహారంలో ధర్మం చాలా సులువు. ఏ యంత్రమైనా నిద్ర లేవగానే "నా నంబరు ఎంత?" అని అడుగుతుంది. నంబరిచ్చే అధికారం కింద గదిలోని పెద్ద రౌటరు ఒక్కదానికే. ఆ నంబరుంటేనే బయటి లోకానికి దారి. కమాల్ బాషా అడిగాడు. సరైన నంబరే వచ్చింది. మళ్లీ అడిగాడు. ఈసారి ఎవరో ఇంకో నంబరిచ్చారు. ఆ నంబరుతో వీధి మలుపు కూడా దాటలేం.

ఒకే మండలంలో ఇద్దరు తహసీల్దార్లు కూర్చుని పత్రాలిస్తున్నారన్నమాట. ఒకాయన అసలు. రెండో ఆయన పత్రం ఎక్కడా చెల్లదు. ఎవరి బల్ల దగ్గరగా ఉంటే జనం అక్కడికే పోతారు.

ఒక్కో తీగే పీకి, నంబరు అడగడం మొదలుపెట్టాడు. తువ్వాలు ముక్క పీకాడు. దొంగ నంబరు. జంపఖానా పీకాడు. దొంగ నంబరు. పైనుంచి కేకలు మొదలయ్యాయి.

"ఎవురప్పా అది, వచ్చేది గూడా పాయ!"

"నాలుగింటికి పీకుతామని ఇప్పుడే పీకుతాండారే!"

"నోరు మూసుకుని కూచోండి సార్!" అని కింద నుంచి జవాబు వెళ్లింది. ఆ "సార్" విని మూడంతస్తులూ సద్దుమణిగాయి.

ఇరవై ఏడో పేలిక నెమలిపింఛం పట్టు. అది పీకాక నంబరు అడిగితే అసలుదే వచ్చింది. పదిసార్లు అడిగాడు, పదిసార్లూ అసలుదే. తిరిగి పెట్టాడు. దొంగ నంబరు. కమాల్ బాషా ఆ పట్టు పేలికను విప్పి జేబులో పెట్టుకుని మెట్లెక్కాడు.

"గురుమూర్తి గారూ."

సుకన్య లేచి నిలబడింది.

"మీ రౌటరును గోడకు బిగించిన మహానుభావుడు ఎవరండీ?"

పులివెందులలో ఉండే మేనల్లుడు సాయిప్రసాద్ అని తేలింది. గురుమూర్తి ఫోను కలిపి, మాట అందరికీ వినపడేలా పెట్టాడు.

"ఎనకపక్క ఐదు కంతలుండాయి మామా," అని సాయిప్రసాద్ వివరించాడు. "నాలుగు పసుపువి, ఒకటి నీలంది. నీలం దాంట్లో పెట్టాలని పెట్టె మీదే రాసుండాది. యాడ, తోస్తే పోతేనా! పక్కనున్న పసుపు దాంట్లో తోసినా, సుళువుగా పాయ. లైట్లు గూడా వచ్చినాయి. పోయింది కదా అని నేనూ బస్సెక్కి పోతి."

కమాల్ బాషా రౌటరును గోడ నుంచి దించి వెనక్కి తిప్పాడు. నీలం కంతలో గంధం నిండి, గట్టిపడి ఉంది. దాని నడుమ ఒక అక్షింత.

"అది నేనే పెట్టినా అన్నా," అంది సుకన్య నేల చూపులతో. "ఆయుధపూజ దినం. కత్తెరకు, మీటరు కడ్డీకి, బిల్లు మిషనుకు పెట్టినా. దీనికి ముఖం ఎటుందో తెల్లేదు. నాలుగు ఒక రంగుండి ఒకటే వేరేగా ఉంటే, అదే ముఖ్యమైందేమోనని..."

"అది ముఖ్యమైనదే తల్లీ. ఈ అంగట్లో ఆ సంగతి తెలిసింది నీ ఒక్కదానికే." ఆమె మీద ఆయనకు కోపం లేదు.

ఆ అక్షింతను ఆయన కదపలేదు. పసుపు కంతలోంచి సముదాయమంతటికీ నంబర్లు పంచుతున్న రెండో తహసీల్దారు ఈ పెట్టే. నడుస్తున్న తీగల వరసకు ఇలాంటి పెట్టెను కలపడానికి పసుపు కంత కూడా పనికొస్తుంది. అయితే ముందుగా ఆ పెట్టెకున్న నంబర్లు పంచే అధికారం తీసెయ్యాలి, దాని సొంత నంబరు మరొకరితో తగవు పడకుండా మార్చాలి. ల్యాప్‌టాప్ తగిలించి ఆ రెండు పనులూ చేశాడు. పావుగంట పట్టింది. కిందికి వెళ్లి పీకిన తీగలన్నీ పెట్టి వచ్చేసరికి సుకన్య మిషను బిల్లు కొడుతోంది.

గురుమూర్తి ఫోను చూసుకుని సంతోషించాడు. "అయితే తీగలు బాగానే ఉండాయంటావు. సరే, కడపవాళ్లను రావద్దని చెప్తాలే. పోయిరా బాషా."

"కాగితం సంగతేంది గురుమూర్తి గారూ?"

"చించేస్తే సరిపాయ కదా!"

"గేటు మీద నుంచి చించుతారు. చదివిన వాళ్ల కళ్లలోంచి ఎట్ల చించుతారండీ? కుళ్లినాయని మీ చేత్తో రాసినారు. బాగుండాయని మీ చేత్తోనే రాయండి."

"ప్రెసిడెంటును నేను! తప్పని రాసిస్తే నా మర్యాద ఏం గావాల?"

కమాల్ బాషా మర్యాద గురించి వాదించలేదు. సుకన్యను అడిగి, చీరల మూటలకు చుట్టే ముతక గోనెగుడ్డ ముక్క ఒకటి కత్తిరించుకున్నాడు. కిందికి పోయి గురుమూర్తి తీగకు దాన్ని కట్టి, అద్దం తలుపు మూశాడు. ఎదురుగా మెట్టు మీద కూర్చుని బీడీ ముట్టించాడు.

మధ్యాహ్నానికి తువ్వాళ్లాయన చూశాడు. జంపఖానాలాయన చూసి ఇంకో ఇద్దరిని పిలుచుకొచ్చాడు. "ఏందప్పా, గురుమూర్తి అంగట్లో పట్టు అయిపోయిందా?" అన్న ప్రశ్న మెట్ల మీదుగా రెండో అంతస్తుకు చేరింది.

గురుమూర్తి దిగి వచ్చాడు. "బాషా, ఏందిది? పండగ బేరాల దినాలు. జనం ఏమనుకుంటారు?"

"కాగితం అంటించినాక పట్టు కడతానండీ."

"నీకు మొండి ఎక్కువ."

"మీ దయ గురుమూర్తి గారూ."

నాలుగింటికి పది నిమిషాలుందనగా కాగితం వచ్చింది. "తీగలు బాగున్నవి. తప్పు రౌటరుది. ఇట్లు, ప్రెసిడెంటు." కమాల్ బాషా చదివి, చెవి మీది పెన్సిలు తీసి "రౌటరుది" కొట్టేశాడు. "అది దానంతటది నడిచొచ్చి దూరిందా అండీ?" అంటూ పెన్సిలు చేతికిచ్చాడు. గురుమూర్తి చుట్టూ చూశాడు. చాలామందే ఉన్నారు. కొట్టేసిన మాట పైన "మాది" అని చిన్నగా రాశాడు. "కొంచెం పెద్దగా," అని జంపఖానాలాయన సలహా ఇచ్చాడు.

కాగితం గేటెక్కింది. పట్టు పేలిక తీగెక్కింది. కమాల్ బాషా మోపెడ్ ఎక్కాడు.

దీపావళి వెళ్లింది, ఉగాది కూడా వెళ్లింది. ఆ తీగల్లో ఇంతవరకు ఏ లోపమూ రాలేదు. కమాల్ బాషా ఆ సముదాయంలో అందరినీ ఎప్పట్లాగే "ఏంప్పా" అంటాడు. గురుమూర్తిని మాత్రం ఇప్పటికీ "గారు" అనే పిలుస్తున్నాడు.