నాలుగు పాయల జడ

మా నాన్న చర్చిలో పెద్ద. దయ్యాలు, గాలి సోకడం లాంటి మాటలు మా ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. నాకూ వాటి మీద నమ్మకం లేదు, ఈ రోజుకూ లేదు. అయినా కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలంలో నాకు జరిగింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మాది ఎనుమాముల మిర్చి మార్కెట్ వెనక ఉన్న చిన్న వాడ. హమాలీలు, చెత్తబండి వాళ్లు, మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్లు ఉంటారు. నేనూ, మా సుజాతక్కా తొడిమల పనికే వెళ్లేవాళ్లం. అందుకే అక్కకు దగ్గు మొదలైతే మిర్చి ఘాటు అనుకున్నాం. తర్వాత ఆయాసం వచ్చింది. అంబులెన్స్ వాడలోకి రాలేదు. బావ ఇంకో ముగ్గురిని పట్టుకుని అక్కను మంచంతో సహా మెయిన్ రోడ్డు దాకా మోసుకెళ్లి దవాఖానలో చేర్చాడు.

ఆ తర్వాత వాడ మొగదల అడ్డంగా కర్రలు కట్టారు. మాత్రల కిట్లు అక్కడే పెట్టి, మైకులో పేర్లు పిలిచేవాళ్లు. మందు కొట్టే బండి మాత్రం లోపలికొచ్చి గుమ్మాలన్నీ తడిపి పోయేది. పక్క కాలనీలో నర్సు సిస్టర్లు ఇల్లిల్లూ తిరిగి ఆక్సిజన్ చూస్తున్నారని విన్నాం. మాకు ఫోన్ వచ్చేది. జ్వరం ఉందా అని అడిగేవాళ్లు. ఉందంటే మాత్రలు వేసుకోమని పెట్టేసేవాళ్లు.

మా ఆయనకు పాజిటివ్ వచ్చి ఐసోలేషన్ సెంటర్‌కు తీసుకెళ్లారు. పాప ముందే మా అత్తగారి ఊళ్లో ఉంది. ఇంట్లో ఒక్కదాన్నే మిగిలాక నాకూ జ్వరం పట్టుకుంది. మాత్రలున్నాయి, బియ్యమున్నాయి. నుదుటి మీద ఎవరైనా చెయ్యి వేస్తే బాగుండునని మాత్రం ప్రాణం కొట్టుకునేది.

ఒక మధ్యాహ్నం ఉక్కకు తలుపు తీసే ఉంచి, గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఎవరో వచ్చి నా వెనక కూర్చున్నారు. వేళ్లు జుట్టులోకి వెళ్లాయి. కుదుళ్ల దగ్గర పట్టుకుని, నొప్పి తెలియకుండా చిక్కులు తీస్తున్నారు. గ్లోవ్స్ లేవు, ఉత్త చేతులే. చెవి పక్కన చర్మం కొంచెం మండింది. తొడిమలు తీసిన చేతులు ఎంత కడిగినా, అవి తగిలిన చోట చురుక్కుమంటుంది.

"జర తల ఎత్తు చిన్నీ" అని వినబడింది.

ఆ పేరుతో నన్ను పిలిచేది అక్క ఒక్కతే. వెనక్కి తిరిగి చూడాలని కూడా అనిపించలేదు, అంత హాయిగా ఉంది. అలాగే నిద్రపోయాను.

లేచేసరికి జ్వరం అలాగే ఉంది. వీపు మీద జడ ఉంది. నాలుగు పాయల జడ. నాకు మూడు పాయలే వచ్చు. మా వాడలో నాలుగు పాయలు అల్లేది అక్కే, పెళ్లికూతుళ్లందరికీ ఆమే వేసేది.

సంతోషంతో బావకు ఫోన్ చేశాను. "అక్కను ఎప్పుడు ఇంటికి పంపిండ్రు బావా? నాకు చెప్పనే లేదు. ఇప్పుడే వచ్చి జడేసి పోయింది."

బావ నా మాట మళ్లీ ఒకసారి చెప్పించుకున్నాడు.

"ఏమంటానవే రూతూ... అక్క నిన్ననే పోయింది. నీకు జ్వరముందని చెప్పలే. మాకు మొఖం గూడ సరిగ్గ సూపియ్యలే, దవాఖానోళ్లే తీస్కపోయిండ్రు."

గోడ పట్టుకుని గుమ్మం దాకా వెళ్లాను. ఎదురింటి పెద్దామె ఖాసింబీ ఫోన్ చేతిలో పెట్టుకుని వాకిట్లో కూర్చుని ఉంది. ఆమె కొడుకూ దవాఖానలోనే ఉన్నాడు. సిగ్నల్ అక్కడే అందుతుందని పొద్దంతా కదిలేది కాదు. మా ఇంటికి ఎవరైనా వచ్చారా అని అడిగాను.

"ఎవ్వలు రాలే బిడ్డా. వస్తే నేను పిలిచి కూసోబెట్టుకోనా? మనిషి మొఖం చూడక ఎన్ని దినాలాయె."

కర్రలు తీసేశాక ఒక సిస్టర్ టీకాలు వేయడానికి వాడలోకి వచ్చింది. ఆ మధ్యాహ్నం మీరు గానీ వచ్చారా అని ఆమెనూ అడిగాను, ఎందుకడుగుతున్నానో చెప్పాను. ఆమె కళ్లు తుడుచుకుంది.

"నేనే వచ్చిన అని చెప్పాలనుంది అక్కా. రాలే. లోపలికి పోవద్దన్నరు. నాకు గూడ భయమాయె."

ఆమె మీద నాకు కోపం రాలేదు. సూది వేశాక కూడా కాసేపు నా చెయ్యి వదల్లేదు.

జ్వరంలో కలగని ఉంటావని మా ఆయన అంటాడు. మరి జడ ఎవరు వేశారంటే లేచి బయటికి వెళ్తాడు. చాలా రోజులు దాన్ని విప్పలేదు. చివరికి తల దురద పట్టలేక, అద్దం ముందు కూర్చుని నెమ్మదిగా విప్పాను. ఏ పాయ దేని మీదుగా పోయిందో చూసి నేర్చుకుందామనుకున్నాను. సగంలోనే లెక్క తప్పిపోయింది.

ఆ రోజు వచ్చిందెవరో నాకు తెలియదు. ఇంతకంటే ఏమీ చెప్పలేను. తలంటుకున్న మధ్యాహ్నాలు మాత్రం జుట్టు విరబోసుకుని, గోడ వైపు తిరిగి కాసేపు పడుకుంటాను.