హైవే ఉద్యోగానికి ఇల్లు చూడబోయాం

ఆ రోజుల్లో నేనింకా చిన్నదాన్నే. అరవై దాటి ఎంతో కాలం కాలేదు, మోకాళ్లు నా మాట వినేవి, రాచర్ల సంతకు నడిచి పోయి ఆటో డబ్బులు మిగిల్చుకుని నడిచే వచ్చేదాన్ని. వయసు పెరిగేకొద్దీ భయం తగ్గుతుందంటారు గానీ అది ఉత్త మాట. తగ్గేది కంటిచూపు ఒక్కటే. కనపడనిదానికి భయం ఇంకా ఎక్కువ. మాది గొర్రెల మీద బతికిన ఇల్లు. గొర్రెలవాళ్లం చిరుతపులికైనా అంత భయపడం, తారురోడ్డుకు భయపడతాం. చిరుత వస్తే ఒక గొర్రెను ఎత్తుకుని దాని దారిన అది పోతుంది. లారీ వస్తే మందలో సగం పోతుంది, పైగా లారీవాడే దిగి మనల్ని తిడతాడు. గిద్దలూరు రోడ్డు వెడల్పు చేసిన తరువాత నేను దాన్ని దాటవలసి వస్తే చెప్పులు చేతిలో పట్టుకుని, దేవుడి పేరు నోట్లో పెట్టుకుని పరుగెత్తేదాన్ని. (చెప్పులు తెగితే మళ్లీ కొనాలి కదా.)

అలాంటిదాని ఇంట్లో పుట్టింది నా మనవరాలు. మా పెద్దకొడుకూ కోడలూ మిరపకోతలకూ బేల్దారి పనులకూ ఊళ్లు పట్టుకుని తిరుగుతుంటే పిల్ల నా దగ్గరే పెరిగింది, చదివింది, పరుగుపందేల్లో గెలిచి చివరికి కానిస్టేబుల్ అయింది. మార్కాపురం స్టేషన్‌లో కంప్యూటర్ ముందు కుర్చీ ఇచ్చారు. నెత్తిమీద ఫ్యాను. ఆ ఫ్యాను గురించి నేను ఊళ్లో చెప్పని గడప లేదు. అట్లాంటి పిల్ల ఒక ఆదివారం ఇంటికొచ్చి, అన్నం తింటూ, పప్పు బాగుందన్నంత తేలిగ్గా అంది:

"అవ్వా, హైవే పెట్రోలింగ్ బండికి ఆడపిల్లలు కావాలంట. ఇష్టమున్నోళ్లు పేరియ్యమన్నారు. నేను ఇద్దామనుకుంటుండా."

"ఏంది ఆ పని?"

"రోడ్డు మీద బండిలో తిరగాల. లారీలు అడ్డం పెట్టుకుంటే తీపియ్యాల. యాక్సిడెంటయితే అందరికంటే ముందు మనం పోవాల. జోరుగా వచ్చేటోళ్లను ఆపాల."

"ఎట్ల ఆపుతావు?"

"చెయ్యెత్తి."

చెయ్యెత్తి! కంకర లారీ వస్తుంటే నా మనవరాలు చెయ్యెత్తుతుందట. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "జీతమన్నా ఎక్కువిస్తారా?" అన్నాను, భయపడినప్పుడు నాకు ముందు డబ్బు మాటే వస్తుంది. "జీతం అదే అవ్వా, బత్తా కొంచెం వస్తది," అంది. "మరి ఫ్యాను?" "రోడ్డు మీద ఫ్యానేంది అవ్వా, గాలే కదా!" అని నవ్వింది. అదే జీతానికి నీడ వదిలి ఎండలోకి పోయే తెలివి ఈ పిల్లకు ఎవరి నుంచి వచ్చిందో అని ఆ సాయంత్రమంతా వంశం మొత్తం తిరగేసి చూశాను. మా వైపు మాత్రం కాదు.

మా తమ్ముడిని పిలిపించాను. చాలాకాలం మార్కాపురం పలకల పనిలో ఉండి వచ్చినవాడు, అందుకని ఊరంతా వాడిని పలకల మామ అంటారు. వాడు అంతా విని, మీసం దువ్వుకుని, "అక్కా, పిల్లనిచ్చేటప్పుడు ఏం చేస్తాం? పోయి ఇల్లు చూసొస్తాం. చూడకుండా వద్దంటే ఈ కాలం పిల్లలు ఇంటారా? పా, ఉద్యోగానికి కూడా ఇల్లు చూసొద్దాం," అన్నాడు. వాడు హాస్యానికే అన్నాడని ఇప్పుడు తెలుస్తున్నది. నేను నిజమనుకున్నాను. మావైపు ఇల్లు చూడబోవడమంటే చిన్న పని కాదు. గోడలు తట్టి చూస్తాం, నీళ్లు ఎంత దూరమో అడుగుతాం, అత్త నోరు ఎట్లాంటిదో పక్కింట్లో విచారిస్తాం. సంబంధం కుదిరేదాకా ఆ ఇంట్లో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టం. ముట్టామంటే ఒప్పుకున్నట్టే. ఇంకొకటి, ముగ్గురు పోతే పని చెడుతుందని నలుగురు పోతారు. "మా ఇంటిదాన్ని కూడా పిలుస్తా, నలుగురమైతాం," అన్నాడు తమ్ముడు. "ఏమొద్దు, ముగ్గురమే పోదాం," అన్నాను నేను. పని చెడటమే కదా నాకు కావలసింది.

అట్ల నేనూ, తమ్ముడూ, దారి చూపించడానికి మనవరాలూ బయలుదేరాం. గిద్దలూరు దాటిన తరువాత నల్లమల కొండ దిగే రోడ్డు మలుపులో ఆ బండి నిలబడుతుంది. నేను పాత కూల్‌డ్రింకు సీసాలో ఇంటి నీళ్లు పట్టుకుపోయాను. ఆటోలో నా తమ్ముడు దాన్ని గటగటా తాగి ఖాళీ సీసా నా చేతిలో పెట్టాడు. ఎండ సంగతి చెప్పనక్కరలేదు. వేపచెట్టు కింద తెల్లబండి, రేకుల పంచ, ఒక కుండ, మా కొడుకు ఈడున్న హెడ్డు కానిస్టేబులు. మనవరాలు సిగ్గుతో తల వంచుకుని, "సార్, మావాళ్లు ఒకసారి చూసిపోతామన్నారు," అంది. "మేము పిల్ల తరపోళ్లం," అన్నాడు తమ్ముడు గంభీరంగా. హెడ్డు మంచివాడు. నవ్వు ఆపుకుని, తన కుర్చీ నాకు వేసి, కుండలోంచి చెంబుతో నీళ్లు ముంచాడు.

"తీసుకో పెద్దమ్మా, ఎండనబడి వచ్చినావు."

"వద్దు నాయనా."

"మజ్జిగ ప్యాకెట్లుండాయి, సల్లగ."

"వద్దు నాయనా, మాకు దప్పిక లేదు." (నా నాలుక అంగిట్లో అతుక్కుని ఉంది. తమ్ముడు ఆ మజ్జిగ ప్యాకెట్టును పిల్లను చూసుకునే పెళ్లికొడుకులా చూస్తున్నాడు.)

నేను విచారణ మొదలుపెట్టాను. డ్యూటీ ఎంతసేపు అంటే మా బదులు వాళ్లు వచ్చి బండెక్కేదాకా అన్నాడు. వాళ్లు రాకపోతే అంటే, వస్తారు పెద్దమ్మా అన్నాడు. ఆడమనిషి బయటికి పోవాలంటే ఎక్కడికి పోతుంది అంటే తల గోక్కుని, "ముందర పెట్రోలు బంకుండాది, బండిలో తీసకపోతాం," అన్నాడు. "మరి అంతసేపు రోడ్డుకు ఎవరు దిక్కు?" అన్నాను. వాళ్లు వేసుకునే మెరుపు చొక్కా ముట్టి చూశాను, కుట్టు గట్టిదే, గుడ్డ మాత్రం ఉత్త ప్లాస్టిక్కు. బండి వెనక తలుపు తీయించాను. తాళ్లు, రోడ్డుకు అడ్డం పెట్టే ఎర్రటి టోపీల్లాంటి బొమ్మలు, గొడ్డలి, వాటి మధ్య మడత మంచం ఒకటి.

"ఈ మంచం ఎవరికి? డ్యూటీలో పండుకుంటారా?"

"అది స్ట్రెచ్చరు పెద్దమ్మా. దెబ్బలు తగిలినోళ్లకు."

ఆ తలుపు నేనే మూసేశాను. అయినా అడగవలసింది అడగాలి. "మీకే ఏమన్నా అయితే?" అన్నాను. ఆయన ధైర్యం చెబుతున్నాననుకుని, "దానికి ఏం భయం లేదు పెద్దమ్మా, ఇంట్లోవాళ్లకు బాగా డబ్బులొస్తాయి," అన్నాడు. మనిషి పోతే వచ్చే డబ్బును కూడా జీతంలో కలిపి చెప్పేవాణ్ణి అప్పుడే చూశాను. నేను లేచాను. చూడవలసింది చూశాం, ఈ ఇంట్లో పిల్లనివ్వం అని తమ్ముడికి కంటితో సైగ చేశాను.

సరిగ్గా అప్పుడే ఎవరిదో గొర్రెలమంద అవతలి పొదల్లోంచి రోడ్డెక్కింది. కాపరి ముసలాయన, వెనక ఎక్కడో ఉన్నాడు. ముందున్న పొట్టేలు నడిరోడ్డు మీద నిలబడి, ఎటు పోవాలో తెలియక మమ్మల్ని చూస్తున్నది. పొట్టేలు నిలబడితే మంద నిలబడుతుంది. పైన మలుపు దగ్గర సిమెంటు లారీ హారను మోగింది. హెడ్డు ఎర్రజెండా కోసం బండిలోకి వంగాడు. నా పక్కన ఉండవలసిన మనవరాలు నా పక్కన లేదు. చుడీదారు చున్నీ నడుముకు బిగించి, మలుపుకు ఎదురుగా పరుగెడుతున్నది. చెయ్యెత్తింది.

నేను కళ్లు మూసుకున్నాను. "అమ్మీ!" అని అరిచాననుకున్నాను గానీ నోరు పెగలలేదని తరువాత తమ్ముడు చెప్పాడు. బ్రేకుల చప్పుడు నా ఎముకల్లోంచి పోయినట్టు పోయింది. కాలిన రబ్బరు వాసన. ఆ పైన ఏ చప్పుడూ లేదు. అంత భయం నేను పురిటినొప్పుల్లో కూడా పడలేదు. ఎవరో నా చేతిలో ఏదో పెట్టారు. అంతలో ఒక గొంతు వినిపించింది:

"ఏందన్నా ఆ తోలేది? గొర్రెలు కనపడకపాయె, గొర్రెల ఎనక ముసలాయన గూడ కనపడడా? నీ ఇంట్లో పెద్దోళ్లు లేరా?"

నా గొంతే, నోరు మాత్రం పిల్లది. ఊళ్లో ఎవరి ఎద్దు మా చేలో పడినా లేచే గొంతు, ఇసుమంత తేడా లేదు. కళ్లు తెరిచాను. లారీ నిలబడి ఉంది, దాని డ్రైవరు బడిపిల్లాడిలా తల దించుకుని ఉన్నాడు, నా మనవరాలు పొట్టేలు కొమ్ము పట్టుకుని నాలుకతో టుర్ర్‌ర్‌మని అదిలిస్తూ ఇవతలికి దాటిస్తున్నది. దాని వెంట మంద మొత్తం నీళ్లు పారినట్టు పారింది.

"అక్కా," అన్నాడు తమ్ముడు మెల్లగా, "నీళ్లు తాగినావు."

చూసుకుంటే నా చేతిలో హెడ్డు ఇందాక ముంచిన నీళ్ల చెంబు. అడుగున చుక్క లేదు. "భయానికి తాగినాన్రా. లెక్కలోకి రాదు," అన్నాను. "చెంబు బోర్లించినావు, ఇంకా లెక్కలోకి రాదంటావే! అయిపాయె, సంబంధం కుదిరిపాయె," అని వాడు మజ్జిగ ప్యాకెట్టు పళ్లతో చించి, ఒక గుక్కలో తాగి, ఇంకొకటి అడిగాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆ ఖాళీ సీసా మూత బిగిస్తూ కూర్చున్నాను. కొంతదూరం పోయిన తరువాత మనవరాలు నా భుజం మీద గడ్డం ఆనించి, "అవ్వా, నీళ్లు తాగితే ఏమి, తాగకపోతే ఏమి. నువ్వు వద్దంటే నేను పేరియ్యను. నిజంగానే ఇయ్యను," అంది. తాగిన నీళ్ల మీదకు నెట్టేద్దామనుకున్న భారం మళ్లీ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. వద్దనే మాట నాలుక చివరే ఉంది.

"నీకు భయమెయ్యలేదా?" అన్నాను.

"ఎయ్యకేంది? చూడు." నా చెయ్యి తీసుకుని తన మోకాలి మీద పెట్టుకుంది. కాలు ఇంకా వణుకుతూనే ఉంది, జ్వరం వచ్చిన మేకపిల్లలాగా. భయం లేదని ఉంటే ఆ క్షణాన వద్దనేదాన్ని. మా ఆయన బతికున్న రోజుల్లో, చీకటికి భయం లేదని గొప్పలు చెప్పుకునేవాడికి మందను ఎప్పుడూ అప్పగించలేదు. అట్లాంటివాడు నిద్రపోతాడనేవాడు. నేను చాలాసేపు ఆ మోకాలి మీద నుంచి చెయ్యి తీయలేదు. రాచర్ల దగ్గరికి వచ్చాక, "పేరు ఇచ్చుకో పోమ్మీ," అన్నాను. "కానీ రోజూ మధ్యాన్నం తిన్న తరువాత నాకు ఫోన్ చెయ్యాల." ఆటో అబ్బాయి అడిగిన దాంట్లో కొంత తగ్గించి ఇచ్చాను, తల ఊపాడు, దాంతో మనసు కాస్త కుదుటపడింది.

మాట ప్రకారం ఆ పిల్ల ఇప్పటికీ రోజూ ఫోన్ చేస్తుంది. నేను పొయ్యి మీద ఏమున్నా వదిలేసి పరుగెత్తి ఎత్తుతాను. "అవ్వా, తిన్నా," అంటుంది. వెనక లారీల రొద వినిపిస్తుంది. అంతే! రోడ్డు మీద ఫోన్ మాట్లాడితే ఏమైనా అవుతుందని, "సరే, పెట్టెయ్, పెట్టెయ్," అని నేనే కట్ చేస్తాను. "బండి నిలబెట్టే ఉండాం అవ్వా, ఒక మాట..." అంటూనే ఉంటుంది పాపం. ఆ ఒక మాట ఏమిటో ఇంతవరకు నేను వినలేదు. ఆ రోజు కుర్చీలో కూర్చుని హెడ్డును అన్ని ప్రశ్నలు అడిగిన ఆడమనిషి ఎక్కడికి పోయిందో అనుకుని నాలో నేను నవ్వుకుంటాను. నవ్వు అయ్యాక, ఫోన్‌ను చీరకొంగుతో తుడిచి, మళ్లీ మోగుతుందేమోనని కాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చుంటాను.