పిన్ని వినయం, నా ఇంగ్లీషు

ఇంగ్లీషు రాక పరువు పోగొట్టుకున్నవాళ్ళు లోకంలో బోలెడుమంది. వచ్చి కొంప ముంచినవాణ్ణి నేను. సిగ్గుతో చచ్చిపోతూనే చెబుతున్నాను, మీరు నవ్వుకోండి.

అంబాజీపేటలో ఉండే మా పిన్నికి తన చేతివంటతో సొంతంగా సంపాదించుకోవాలని ఎన్నాళ్ళనుంచో ఆశ. పర్యాటకులకు కోనసీమ భోజనం పెట్టే ఇల్లు వెతుకుతూ ముంబై నుంచి మీరాగారని ఒకావిడ రుచి చూడటానికి వచ్చింది. ఆవిడకు తెలుగు రాదు. దుబాసీని నేను. 'ఆథెంటిక్', 'ట్రెడిషనల్', 'రీజినల్ క్యుజీన్', 'ఫర్ జెనరేషన్స్' అంటూ వారం రోజులు అద్దం ముందు బట్టీ పట్టాను. పిన్ని మాట పొల్లు పోకుండా చెబుతానని ఒట్టు కూడా పెట్టుకున్నాను.

ఆవ పెట్టిన పనసపొట్టు కూర, చింతచిగురు రొయ్యలు, కొబ్బరి పచ్చడి, పాలతాలికలు, ఇంకో ఆరు రకాలు. అరిటాకులో ఖాళీ లేదు. అన్నీ వడ్డించి పిన్ని మనవాళ్ళందరూ అనే మాటే అంది.

"ఏవుందండీ, ఏదో పచ్చడి మెతుకులు. మీరే సద్దుకోవాలి."

"షీ సేస్ దేరీజ్ నథింగ్. ఓన్లీ ట్రెడిషనల్ రైస్ అండ్ పికిల్. ప్లీజ్ అడ్జస్ట్," అన్నాను.

మీరాగారు ఆకు వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఉప్పూ కారం కుదిరేయో లేదో. నాకు వంటేం వచ్చండీ!"

"షీ డజ్ నాట్ నో కుకింగ్."

రొయ్యల మీదికి వెళుతున్న చెయ్యి ఆగిపోయింది. మరి రోజూ వండేదెవరని ఆవిడ అడిగింది. పిన్నికి చెప్పాను.

"నేనేనండీ, ఆయ్. మా ఇంట్లోవాళ్ళు పాపం ఎలాగో తినేస్తున్నారు."

"హర్ ఫ్యామిలీ ఈజ్ సఫరింగ్. ఫర్ జెనరేషన్స్."

ఆ తరతరాల ముక్క నా సొంత కవిత్వం. బట్టీ పట్టింది వృథా పోకూడదు కదా!

ఎందుకైనా మంచిదని మీరాగారు రెండు ముద్దలు పెరుగన్నం తిని లేచింది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అడక్కుండా పిన్ని పెట్టినదాన్ని కూడా గొంతు దిగనివ్వని దుబాసీ ఉంటాడని ఆ సామెత పుట్టించినవాళ్ళకు తెలియదు.

మర్నాడు నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. రాజోలులో వేరే ఇల్లు చూసుకున్నారట. మీ పిన్నిగారు నిదానంగా వంట నేర్చుకోవాలని కోరుకుంటున్నామట.

"ఏం రాసేరు నానా?" పిన్ని తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"వంట అద్భుతంగా ఉందట పిన్నీ. ఇల్లే వాళ్ళకి దూరమట."

పొల్లే కాదు, మొత్తం మెసేజే మింగేశాను. పిన్ని నా భుజం తట్టింది.

"పోన్లేరా. నువ్వు మాత్రం ఎంత బాగా మాట్లాడేవనీ! ఒక్క ముక్క తడుంకోలేదు."

భూమి చీలితే అందులో దూకుదును. చీలలేదు. అందుకని ఈ కాగితం మీదే ప్రమాణం చేస్తున్నాను: గోదావరి జిల్లా వాళ్ళు "ఏవుందండీ" అన్నప్పుడు నోరు తెరిస్తే తినడానికే తెరుస్తాను, ఇంగ్లీషు మాట్లాడటానికి మాత్రం తెరవను.