నోట్లో పన్నున్న నత్త

మాస్టారు పోయారని బుధవారం పొద్దున్న, కాలేజీకి బయల్దేరుతుంటే తెలిసింది. ఫోన్ చేసింది మాస్టారి భార్యే. "మీ మేస్టారు మరి లేరమ్మా" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేశారు. ఆ రోజు పిల్లలకి పాఠం ఏం చెప్పానో నాకు గుర్తులేదు.

అనకాపల్లిలో ఆయన మాకు జంతుశాస్త్రం చెప్పారు. నేనిప్పుడు మునగపాకలో అదే చెబుతున్నాను, ఆయనంత బాగా మాత్రం కాదు. మీలో ఆయన దగ్గర చదివినవాళ్లుంటే ఆ టీ వడగట్టే జల్లెడ గుర్తుండే ఉంటుంది. ఆదివారమైతే చాలు, పూడిమడక సముద్రపు ఒడ్డున గొంతుకూర్చుని దాంతో ఇసుక జల్లించేవారు. బియ్యపు గింజంత నత్తగుల్లలు మిగిలేవి. మాడుగుల నుంచి హల్వా తెస్తే హల్వా మాకు, డబ్బా ఆయనకు. ఒక్కో డబ్బాలో దూది, దాని మీద గుల్లలు, పక్కన ఎక్కడ దొరికాయో రాసిన చీటీ.

"రంగు సూడకు, నోరు సూడు. రంగు ఎండకి పోద్ది" అనేవారు. చుట్లు ఎన్ని, కుడికి తిరిగాయా ఎడమకా, పైన గీతలు నిలువా అడ్డమా, నోటి అంచు మందమా పల్చనా, ఇవన్నీ చూశాకే కుటుంబం, ఆ తర్వాతే జాతి. ఓసారి నేను గొప్పకు పోయి, సరిగ్గా చూడకుండానే చీటీ మీద పేరు రాసేశాను. ఆయన మొహం ఎర్రబడింది. "తెలీకపోతే తెలీదని రాయి. తప్పు పేరు పెట్టడం కంటే గుల్లని సున్నం బట్టీలో పడేయడం నయం!" నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

ఒక్క డబ్బా మీద మాత్రం ఎప్పుడూ "తెలియదు" అనే ఉండేది. అందులో మూడే గుల్లలు. చూపుకి మామూలువే. లెన్సు కింద పెడితే నోటి లోపల పన్నులా చిన్న బొడిపె. దాని దగ్గర చుట్టాల్లో దేనికీ ఆ పన్ను లేదు. ఇది వేరే జాతేనని ఆయన నమ్మకం. అవి దొరికిన చోట తర్వాత బండరాళ్లు పోసేశారు, నాలుగోది మళ్లీ దొరకలేదు. కిందటి నెల ఫోన్ చేశారు. "కళ్లు ఆనట్లేదమ్మా. నువ్వొచ్చి బొమ్మ గీసి కొలతలు రాత్తే కొత్త జాతులకి పేర్లెట్టే పెద్దోళ్లకి పంపుదాం. ఆదివారం వత్తావా?" పరీక్షల డ్యూటీ అన్నాను. పై ఆదివారం ఇంకో వంక. ఛీ, ఏం మనిషిని నేను!

పెద్దకర్మ నాడు వెళ్లాను. ఆయన ఫొటో ముందు ఇత్తడి పళ్లెం, దాని నిండా తెల్లటి గుల్లలు. డబ్బాలు ఖాళీగా ఓ మూల పేర్చి ఉన్నాయి.

"ఆయనకి ప్రాణం కదా, దుమ్ము కొట్టుకుపోయుంటే అన్నీ నేనే కడిగేనమ్మా. ఇత్తడికి ఎట్టినట్టే సింతపండు నీళ్లలో నిన్నంతా నానబెట్టేను. మెరుత్తన్నాయా?" అన్నారావిడ.

పులుపుకి గుల్ల కరుగుతుంది. ఆ సంగతి ఏటేటా పిల్లలకి నేనే చెబుతాను. చిన్నవాటికి గీతలు లేవు, నోటి అంచులు లేవు. ఏది ఏ డబ్బాలోదో చెప్పే దారి లేదు. లెన్సు తీసి ఒక్కొక్కటే చూశాను. పన్ను ఎక్కడా లేదు.

"బాగున్నాయమ్మా" అన్నాను.

"పేరెట్టాలి, పేరెట్టాలి అని పోయేముందు కూడా ఒకదాని గురించే అన్నారు. ఏదమ్మా అది?"

ఆవిడ చెయ్యి చాపి నిలబడ్డారు. పళ్లెంలోంచి నా వేళ్లకి తగిలిన ఓ గింజంత గుల్ల తీసి అరచేతిలో పెట్టాను.

"ఇదేనమ్మా."

ఆవిడ దాన్ని కళ్లకద్దుకుని, ఆయన ఫొటో కింద, దీపం పక్కన, విడిగా పెట్టారు.